కదలని ధనం, పలకని యజమాని

ధనం తన అధీనంలో ఉండి కూడా దాన్ని ముట్టనివాడు దాన్ని త్యజించినట్టేనా, లేక త్యాగం అనిపించుకోవడానికి ముట్టకపోవడం కాక మరొకటి కూడా కావాలా అన్నది భారతీయ దర్శనాలు పలుమార్లు విచారించిన ప్రశ్న. ఈ కాలంలో ఆ ప్రశ్నను మళ్లీ ముందుకు తెచ్చిన ఉదంతం మఠంలోనో ఆశ్రమంలోనో పుట్టలేదు; గణితం, కంప్యూటర్లు, ధనం కలిసే చోట పుట్టింది. సతోషి నకమోటో అన్న పేరుతో ఒక వ్యక్తి, లేదా కొందరు వ్యక్తులు, 2008 అక్టోబర్ 31న తొమ్మిది పుటల పత్రం ఒకటి వెలువరించి, 2009 జనవరి 3న బిట్‌కాయిన్ అనే డిజిటల్ నాణేన్ని ప్రారంభించి, రెండేళ్లకు పైగా దాని బాగోగులు చూసి, 2011 ఏప్రిల్‌లో ఒకరిద్దరు సహచరులకు చివరి ఉత్తరాలు రాసి మౌనం వహించారు. ఆ పేరు వెనుక ఉన్నది పురుషుడో స్త్రీయో ఒక బృందమో నేటికీ తేలలేదు. తొలినాళ్లలో సతోషి సంపాదించినవని పరిశోధకులు లెక్కగట్టిన నాణేలు సుమారు పదకొండు లక్షలు కాగా, అతి స్వల్ప భాగం తప్ప అవన్నీ పుట్టిన చోటే ఉన్నాయి. 2024 డిసెంబర్‌లో ఒక్కో నాణెం ధర లక్ష డాలర్లు దాటినప్పుడు ఆ నిల్వ విలువ పదకొండు వేల కోట్ల డాలర్లకు చేరింది, అయినా అందులో ఒక్క నాణెమూ కదలలేదు.

ఈ నిశ్చలతను చాలామంది మహాత్యాగంగా భావిస్తున్నారు. సృష్టించినవారే సృష్టి ఫలాన్ని అనుభవించకుండా తప్పుకున్నారన్న నమ్మకం బిట్‌కాయిన్ అభిమానుల్లో భక్తికి దగ్గరగా వచ్చింది. సతోషి రాసిన ప్రతి మాటనూ ఏరి కూర్చి పారాయణ గ్రంథాన్ని చదివినంత శ్రద్ధగా చదువుతారు. 2021లో హంగరీ రాజధాని బుడాపెస్ట్‌లో నెలకొల్పిన సతోషి విగ్రహానికి ముఖం ఉండవలసిన చోట నునుపు చేసిన లోహాన్ని అమర్చి, ఎదుట నిలిచినవారి ముఖమే అందులో కనిపించేట్టు మలిచారు. ఈ శ్రద్ధ వెనుక నిజాయితీ ఉంది, ఎందుకంటే అధికారమూ ధనమూ చేతికందాక వాటిని వదులుకున్నవారు చరిత్రలో అరుదు, అటువంటివారు కనబడినప్పుడు తల వంచడం మనిషికి సహజం. అయితే త్యాగం అన్నది బయటి స్థితి కాదు, లోపలి నిశ్చయం. బయటి స్థితిని మాత్రమే చూపగల సాక్ష్యం నుంచి లోపలి నిశ్చయాన్ని నిర్ధారించవచ్చా అన్నదే ఇక్కడ తేల్చవలసిన విషయం.

అందుకు ముందుగా ఆ సాక్ష్యం ఎటువంటిదో తెలియాలి. బిట్‌కాయిన్ అంటే చేతితో పట్టుకోగల వస్తువు కాదు, అందరికీ తెరిచి ఉండే ఒక చిట్టాలోని పద్దు. ప్రపంచమంతటా వేల కంప్యూటర్లలో ఒకే ప్రతిగా ఉండే ఆ చిట్టాలో దాదాపు పది నిమిషాలకొకసారి కొత్త పుట చేరుతుంది. ఆ పుటను బ్లాక్ అంటారు, పుటల వరుసను బ్లాక్‌చైన్ అంటారు. కొత్త పుటను చేర్చే హక్కు కోసం కంప్యూటర్లు ఒక గణిత సమస్యతో పోటీపడతాయి, ఈ శ్రమను మైనింగ్ అంటారు, గెలిచినవారికి కొత్త నాణేలు బహుమతిగా వస్తాయి. తొలి నాలుగేళ్లు ఒక్కో బ్లాకుకు 50 నాణేలు వచ్చేవి, ఆ తరువాత సుమారు నాలుగేళ్లకొకసారి ఆ సంఖ్య సగానికి తగ్గుతూ మొత్తం 2 కోట్ల 10 లక్షల నాణేల వద్ద ఆగిపోయేట్టు నియమం ఉంది. నాణెం ఎవరిదో చెప్పేది పేరు కాదు, తాళంచెవి వంటి ఒక రహస్య సంఖ్య, దీన్ని ప్రైవేట్ కీ అంటారు. ఆ సంఖ్య తెలిసినవారు చేసిన డిజిటల్ సంతకం ఉంటేనే పద్దు మారుతుంది, తెలియనివారు ఎంత మొర పెట్టుకున్నా మారదు.

ఈ చిట్టా పద్దు మారిందా లేదా అన్నది చెబుతుంది, మారితే ఎప్పుడు మారిందో కూడా చెబుతుంది. ఎవరు మార్చారో, ఎందుకు మార్చారో, మార్చకుండా ఎందుకు ఊరుకున్నారో చెప్పదు. లోకవ్యవహారంలో ఏ ధనానికీ ఇంత బహిరంగమైన జమాఖర్చు లేదు, ఇంత పూర్తిగా దాగిన యజమానీ లేడు.

ఆ పదకొండు లక్షలు సతోషివే అన్న మాట కూడా ప్రత్యక్షం కాదు, అనుమానం, అంటే గుర్తును బట్టి చేసిన నిర్ధారణ. ఆ నిర్ధారణ జరిగిన తీరు దగ్గరగా చూడదగినది. మైనింగ్ చేసే కంప్యూటర్ సరైన జవాబు దొరికేదాకా నాన్స్ అనే ఒక సంఖ్యను మార్చుకుంటూ పోతుంది. దానికి తోడు అదనపు నాన్స్ అని మరో లెక్కింపు ఉంటుంది. తొలినాటి ప్రోగ్రాంలో ఈ అదనపు లెక్క ప్రోగ్రాం నడుస్తున్నంతసేపూ పెరుగుతూనే ఉండేది, ఆపి మళ్లీ మొదలుపెడితే తప్ప సున్నాకు వచ్చేది కాదు. అర్జెంటీనాకు చెందిన పరిశోధకుడు సెర్జియో డెమియన్ లెర్నర్ 2013లో తొలి బ్లాకులన్నిటిలోని ఈ సంఖ్యలను ఒక పటంపై గుర్తించినప్పుడు, చెదిరిన చుక్కల మధ్య ఒకే వాలుతో సాగే గీతలు వరుసగా బయటపడ్డాయి. అన్నిచోట్లా వాలు ఒకటే కావడంతో అవి ఒకే యంత్రం, లేదా ఒకే చేతి కింది యంత్రాలు, గీసినవని తేలింది. ఆ గీతల మీది బ్లాకుల్లో మరో విచిత్రం కూడా ఉంది: వాటి నాన్స్ చివరి బైటు 0 నుంచి 255 దాకా ఏ విలువైనా కావచ్చు, కానీ అవి 0 నుంచి 9 వరకు, 19 నుంచి 58 వరకు ఉన్న విలువల్లోనే పడ్డాయి. తొలి 54 వేల బ్లాకుల్లో సుమారు 22 వేలకు ఈ ముద్ర ఉంది. 2009 జనవరి 12న సతోషి సహచరుడు హల్ ఫిన్నీకి పంపిన పది నాణేలు తొమ్మిదో బ్లాకు నుంచి వెళ్లినవి, ఆ బ్లాకు కూడా ఈ వరుసలోనిదే. ఈ కారణాల వల్ల ఆ వరుస సతోషిదని చాలామంది అంగీకరిస్తారు. అయితే లెక్కను మరింత బిగించి చూసిన ఇతర పరిశీలకులు 2018లో ఆరేడు లక్షలకు మించి గట్టిగా చెప్పలేమన్నారు.

తన పేరును, ఊరును దాచుకున్న వ్యక్తి యంత్రం లెక్కపెట్టిన తీరులో దొరికిపోవడం ఆలోచింపజేసే సంగతి. చేసిన పని చేసినవారి ముద్రను మోస్తుందని కర్మ సిద్ధాంతాన్ని నమ్మేవారు ఇందులో చూడవచ్చు గానీ, ఆ ముద్ర కర్తను సూచిస్తుందే తప్ప కర్త సంకల్పాన్ని సూచించదన్న హద్దును మరవకూడదు.

నిశ్చలతకు కారణాలుగా నాలుగు మాటలు వినబడతాయి. యజమాని మరణించి ఉండవచ్చు. రహస్య సంఖ్యలు పోగొట్టుకుని ఉండవచ్చు, లేదా కావాలనే చెరిపివేసి ఉండవచ్చు. కదిపితే ఆనవాలు దొరుకుతుందన్న భయంతో ఊరుకుని ఉండవచ్చు. నిజంగానే త్యజించి ఉండవచ్చు. వీటిలో ఏది సత్యమో కేవలం నాణేలు కదలకపోవడం నుంచి తేల్చగలమా అని అడిగితే, పూర్వమీమాంసకులు అర్థాపత్తి అనే ప్రమాణాన్ని వివరించిన తీరు ఇక్కడ దారి చూపుతుంది. కనబడిన విషయం మరోవిధంగా పొసగనప్పుడు, అది పొసగడానికి అవసరమైన కనబడని విషయాన్ని ఒప్పుకోవడమే అర్థాపత్తి. వారిలో భాష్యకారుడైన శబరస్వామి ఇచ్చిన ఉదాహరణలో, బ్రతికి ఉన్న దేవదత్తుడు ఇంట్లో లేడు కనుక బయట ఎక్కడో ఉన్నాడని గ్రహిస్తారు. ఆ తర్కం బలమంతా బ్రతికి ఉన్న అన్న విశేషణంలోనే ఉంది. దేవదత్తుడు బ్రతికి ఉన్నాడన్నది ముందే తెలియకపోతే, ఇంట్లో లేకపోవడం నుంచి బయట ఉన్నాడనీ తేలదు, లోకంలోనే లేడనీ తేలదు. సతోషి విషయంలో లోపించినది సరిగ్గా ఆ విశేషణమే. బ్రతికి, తాళం చేతిలో ఉండి, భయం లేకుండా కదపలేదని తెలిస్తేనే త్యాగం తప్ప మరో వివరణ మిగలదు. ఆ మూడింటిలో ఒక్కటీ నిర్ధారణ కాలేదు.

లేకపోవడాన్ని తెలుసుకోవడానికి కూడా దర్శనాలు ఒక నియమం పెట్టాయి. ఉంటే తప్పక కనబడి ఉండేదన్న యోగ్యత ఉన్నప్పుడే కనబడకపోవడం లేకపోవడానికి రుజువు అవుతుంది, దీన్నే యోగ్యానుపలబ్ధి అంటారు. వెలుతురులో బల్ల మీద కుండ కనబడకపోతే కుండ లేదనవచ్చు, చీకట్లో కనబడకపోతే అనలేము. భారతీయ సాక్ష్య చట్టం 1872లోనే ఇదే వివేకాన్ని పాటించింది: ఏడేళ్లపాటు కబురు లేని మనిషి మరణించాడని న్యాయస్థానం భావించాలంటే, బ్రతికి ఉంటే సహజంగా అతని కబురు తెలియవలసినవారికి కూడా తెలియకపోయి ఉండాలని 108వ సెక్షన్ షరతు పెట్టింది. సతోషి అనేది పెట్టుకున్న పేరు అయినప్పుడు, సహజంగా కబురు తెలియవలసినవారు ఎవరు? అసలు పేరుతో ఆ మనిషి బంధువుల మధ్య, ఉద్యోగంలో, బజారులో నిత్యం కనబడుతూనే ఉండవచ్చు. ఇన్నేళ్లు గడిచినా సతోషి మౌనం మరణానికి గానీ వైరాగ్యానికి గానీ సాక్ష్యం కాలేకపోవడానికి కారణం ఇదే.

దీర్ఘ నిశ్చలత దానంతటదే ఏమీ రుజువు చేయదనడానికి చిట్టాలోనే దృష్టాంతాలు ఉన్నాయి. 2009 ఫిబ్రవరిలో పుట్టి పదకొండేళ్లు కదలని 50 నాణేలు 2020 మే 20న కదిలినప్పుడు సతోషి మేల్కొన్నారన్న వదంతితో మార్కెట్ తల్లడిల్లింది. ఆ బ్లాకు లెర్నర్ గుర్తించిన వరుసలోనిది కాదని తెలిశాకే కుదుటపడింది. 2011లో నిల్వచేసిన 80 వేల నాణేలు పద్నాలుగేళ్ల తరువాత, 2025 జూలైలో, ఒకే యజమాని చేతి నుంచి కదిలాయి. ముందురోజు వరకు ఆ నాణేలను చూసినవారు అవి పోయాయనో, యజమాని విరాగి అనో అనుకుని ఉండవచ్చు. ఆ మనిషి ఓపికగా వేచి ఉన్నారన్నది ఆ రోజే తెలిసింది.

ఇక త్యాగం స్వరూపాన్నే పరిశీలిస్తే చిక్కు మరింత లోతుగా కనబడుతుంది. మీమాంసకుల దృష్టిలో యాగమంటే హవిస్సును నిప్పులో వేయడం మాత్రమే కాదు. ఒక దేవతను ఉద్దేశించి ఒక ద్రవ్యంపై తన స్వత్వాన్ని, అంటే నాది అన్న హక్కును, విడిచిపెట్టడం. అందుకే ఆహుతి ఇచ్చే ప్రతిసారీ యజమాని ఇది నాది కాదని నోటితో పలుకుతాడు. దానానికి మరొక అంగం కూడా ఉంది: తన స్వత్వం తొలగడంతో పాటు పుచ్చుకునేవారికి స్వత్వం కలగాలి. సన్యాసం స్వీకరించేవాడు కూడా అందరి ఎదుట ప్రకటన చేసే స్వీకరిస్తాడు, ఆ క్షణం నుంచి లోకవ్యవహారంలో మృతుడితో సమానమై అతని ఆస్తి వారసులకు చెందుతుంది. ఈ మూడింటిలోనూ మాట తప్పనిసరి, ఎందుకంటే మాట వల్లనే లోపలి సంకల్పం బయటివారికి నమ్మదగినదవుతుంది, వదిలినదాన్ని తిరిగి పట్టుకునే దారి కూడా మూసుకుపోతుంది. సతోషి అటువంటి మాట పలకలేదు. పోగొట్టుకున్న నాణేల వల్ల మిగిలినవారి నాణేల విలువ కొద్దిగా పెరుగుతుందనీ, ఆ నష్టాన్ని అందరికీ ఇచ్చిన విరాళంగా భావించవచ్చనీ 2010లో రాసిన మాట ఒకటి ఉంది. అభిమానులు దాన్నే సంకల్ప వాక్యంగా ఎత్తి చూపుతారు. కానీ అది పొరపాటున పోయిన నాణేల గురించి చెప్పిన సాధారణ మాట, తన నాణేల గురించి చేసిన ప్రకటన కాదు. ఒకరి నోటి నుంచి వచ్చిన మాటకు వారు ఉద్దేశించని బరువు మోపడం భక్తికైనా తగదు.

భగవద్గీత పద్దెనిమిదో అధ్యాయం త్యాగాన్ని మూడుగా విభజించి చెప్పినది కూడా ఇక్కడ అవసరమే. అజ్ఞానంతో విడిచిపెట్టడం తామస త్యాగం. దేహానికి కష్టం కలుగుతుందన్న భయంతో విడిచిపెట్టడం రాజస త్యాగం, దానికి త్యాగఫలం దక్కదు. చేయవలసిన పని చేస్తూ సంగాన్నీ ఫలాన్నీ వదలడం సాత్త్విక త్యాగం. బయట నుంచి చూస్తే ఈ మూడూ ఒకేలా ఉండవచ్చు. తాళం మరచిపోయినవారి నాణేలు, పట్టుబడతానన్న భయంతో చేయి వెనక్కి తీసుకున్నవారి నాణేలు, కోరిక నశించినవారి నాణేలు చిట్టాలో ఒకే తీరున కనబడతాయి. ఇంద్రియాలను కట్టిపెట్టి మనసులో విషయాలను తలచుకునేవాడిని అదే గ్రంథం మిథ్యాచారుడంది. చేయి కదలకపోవడం మనసు కదలకపోవడం కాదన్న ఆ హెచ్చరిక ఈ ఉదంతానికి నేరుగా వర్తిస్తుంది.

సతోషి వెళ్లిపోయిన నాడు అక్కడ త్యజించడానికి పెద్ద ధనమేమీ లేదన్న సంగతి ఈ చర్చలో చాలామంది గమనించరు. ఆ బ్లాకులు తవ్విన కాలంలో నాణేనికి చెప్పుకోదగ్గ ధరే లేదు. చిట్టా ఆగిపోకుండా ఉండాలంటే ఎవరో ఒకరు యంత్రం నడపవలసి ఉంది, సతోషి నడిపారు, నాణేలు ఆ కాపలా పనికి వెంట వచ్చాయి. ఇతరులు చేరేకొద్దీ ఆ యంత్రం వేగం మెట్టుమెట్టుగా తగ్గిందని కూడా లెర్నర్ పరిశీలనలో తేలింది, ఇది ఆబగా పోగుచేసుకునేవారి నడవడి కాదు. 2011 ఫిబ్రవరిలో నాణెం తొలిసారి ఒక డాలరుకు చేరింది, ఏప్రిల్‌లో సతోషి మౌనం మొదలైంది. కనుక ఇది త్యాగమే అయితే, ఒకనాడు ప్రకటించి ముగించిన త్యాగం కాదు. ధర పెరిగే ప్రతిరోజూ, తిరిగి తీసుకునే దారి తెరిచి ఉండగానే, కొత్తగా చేయవలసిన త్యాగం. శాస్త్రాలు చెప్పిన సంకల్పంలో పలికిన మాట మనిషిని తన బలహీనత నుంచి కాపాడుతుంది. ఆ రక్షణ లేకుండా నిలబడటం సాధ్యమైతే అది శాస్త్రోక్త త్యాగం కంటే కఠినమైనదే, కానీ సాధ్యమైందో లేదో తెలియదు.

ఈ ధనానికి స్వామి ఉన్నారా అన్న ప్రశ్నకు శబరభాష్యం తొమ్మిదో అధ్యాయంలోని ఒక చర్చ ఆశ్చర్యకరమైన వెలుగు ప్రసరిస్తుంది. దేవుడి మాన్యం, దేవుడి ఊరు అని లోకం అంటుంది కనుక దేవతకు ఆస్తి ఉందని పూర్వపక్షం వాదిస్తే, శబరస్వామి దాన్ని అంగీకరించడు. దేనిని ఇష్టప్రకారం వినియోగించగలడో అదే మనిషి స్వం. దేవత ఆ ఊరిని గానీ పొలాన్ని గానీ ఇష్టప్రకారం వినియోగించడం కనబడదు, కనుక దేవుడి ఆస్తి అన్నది ఉపచారంగా, అంటే అలంకారికంగా, అనే మాటే అని ఆయన సిద్ధాంతం. బిట్‌కాయిన్ వ్యవస్థ తెలియకుండానే ఈ నిర్వచనాన్ని అక్షరాలా అమలు చేసింది: వినియోగించగల శక్తి, అంటే రహస్య సంఖ్య, ఎవరి దగ్గర ఉంటే నాణెం వారిదే, దస్తావేజు లేదు, వారసత్వ పత్రం లేదు. అయితే శక్తిని చూడలేము, అది చేసిన పని ద్వారానే తెలుస్తుందని మీమాంసకులే అంటారు. పని జరగనంతకాలం సతోషికి ఆ శక్తి ఉందో లేదో తెలియదు, శక్తి తెలియనంతకాలం స్వత్వమూ తెలియదు. లోకం సతోషి ధనం అంటున్నది శబరుడి లెక్కన దేవుడి మాన్యం వంటి ఉపచారమే కావచ్చు.

ఆ పోలికను చిట్టా మరో విధంగానూ నిజం చేసింది. 2009 జనవరి 3 నాటి మొదటి బ్లాకులో, బ్యాంకులను రెండోసారి ఆదుకోవడానికి బ్రిటన్ ఆర్థికమంత్రి సిద్ధమవుతున్నాడన్న ఆనాటి టైమ్స్ పత్రిక శీర్షికను సతోషి పొదిగారు. ఆ బ్లాకుకు వచ్చిన 50 నాణేలు ప్రోగ్రాం రాసిన తీరు వల్ల ఎవరూ, సతోషి కూడా, ఎన్నటికీ ఖర్చు చేయలేనివి. అది పొరపాటో ఉద్దేశమో తేలలేదు. అయినా ఆ చిరునామాకు ఏళ్ల తరబడి ప్రపంచం నలుమూలల నుంచి చిన్నచిన్న మొత్తాలు వచ్చి చేరుతూనే ఉన్నాయి, 2024 జనవరిలో ఒక అజ్ఞాత దాత దాదాపు 27 నాణేలు పంపారు. పుచ్చుకునేవారు ఉన్నారో లేరో తెలియదు, తిరిగి రావు, పేరు కూడా తెలియదు, అయినా ఇచ్చారు. ఈ ఇవ్వడంలో స్వత్వం వదిలిన సంగతి చిట్టాలో స్పష్టంగా నమోదైంది. సతోషి విషయంలో రుజువు కాని త్యాగం సతోషిని నమ్మినవారి విషయంలో రుజువైందన్నమాట.

యజమాని పలకని చోట పలికేవారు చాలామంది వస్తారు. దొరికిన సొమ్ము తనదని వచ్చినవాడిని దాని రూపం, సంఖ్య మొదలైనవి అడిగి, సరిగ్గా చెప్పినవాడికే ఇవ్వాలనీ, చెప్పలేని అబద్ధపు హక్కుదారుకు ఆ సొమ్మంత దండన విధించాలనీ మనుస్మృతి ఎనిమిదో అధ్యాయం చెబుతుంది. ఆస్ట్రేలియాకు చెందిన క్రెయిగ్ రైట్ తానే సతోషినని 2016 నుంచి బహిరంగంగా వాదించినప్పుడు లోకం అడిగినదీ అటువంటి గుర్తునే: తొలి బ్లాకుల తాళంతో ఒక్క సంతకం. అది రాలేదు. పైగా తనవని ఆయన చెప్పుకున్న చిరునామాల్లో 145 చిరునామాల అసలు యజమాని ఎవరో 2020 మేలో వాటి తాళాలతోనే సంతకం చేసి, అవి రైట్‌వి కావని ప్రకటించారు. చివరకు 2024 మార్చి 14న లండన్ హైకోర్టులో జస్టిస్ జేమ్స్ మెల్లర్ ఆయన సతోషి కాదని తేల్చారు. దీనికి ఎదురు దిశలోనూ అన్యాయం జరిగింది: తాము సతోషి కాదని చెబుతున్నవారి ఇళ్లముందు విలేఖరులు గుమిగూడారు, వారి మాట లెక్కచేయకుండా వారి పేర్లు ప్రపంచానికి చాటారు. దాగి ఉండాలనుకున్న మనిషిని వెలికితీయడంలో లోకానికి ఏ హక్కూ లేదు. ఒకవేళ ఆ వ్యక్తి బ్రతికి ఉంటే, ఇంత ధనం ఉందన్న ప్రచారమే వారి ప్రాణానికి ముప్పు.

ఇంతకీ సాక్ష్యం నిలిచే త్యాగం సతోషి జీవితంలో ఒకటి ఉంది, అది ధనానికి సంబంధించినది కాదు. ప్రోగ్రాంలో మార్పులు చేసే అధికారాన్ని గేవిన్ ఆండ్రెసెన్ తదితరుల చేతికి అప్పగించి, తన మాటే తుది మాటగా చెల్లే రోజుల్లోనే తప్పుకున్నారు. ఆ అధికారం వేరొకరికి సంక్రమించింది, అందరూ చూస్తుండగా సంక్రమించింది, ఆ తరువాత ఎంత పెద్ద వివాదం వచ్చినా దాన్ని తిరిగి అడగలేదు. తన స్వత్వం తొలగడం, ఇతరులకు స్వత్వం కలగడం అన్న రెండు అంగాలూ ఇక్కడ నెరవేరాయి. గౌరవించదలచినవారికి ఇది చాలు.

మౌనాన్ని ఎలా అర్థం చేసుకోవాలన్నది ఇన్నాళ్లూ తత్త్వవిచారంగానే ఉండేది, ఇప్పుడు కార్యనిర్ణయంగా మారుతోంది. తొలి బ్లాకుల బహుమతులు పబ్లిక్ కీ అనే బహిరంగ సంఖ్యకు నేరుగా రాసినవి. సాధారణ కంప్యూటర్‌తో ఆ బహిరంగ సంఖ్య నుంచి రహస్య సంఖ్యను రాబట్టడం అసాధ్యం. కానీ తగినంత శక్తిమంతమైన క్వాంటమ్ కంప్యూటర్ తయారైతే, పీటర్ షోర్ 1994లో కనుగొన్న పద్ధతితో అది సాధ్యమవుతుంది. అప్పుడు సతోషి నాణేలు తాళం పగలగొట్టగల మొదటివాడి పాలవుతాయి. దీన్ని ముందే నివారించాలని బిట్‌కాయిన్ ఇంజినీరు జేమ్సన్ లాప్, మరికొందరు 2025లో ఒక ప్రతిపాదన తెచ్చారు: కొన్నేళ్ల గడువు ఇచ్చి, ఆలోగా కొత్త రకం చిరునామాలకు మారని పాత నాణేలను ఇక కదపడానికి వీల్లేకుండా చేయాలని. ఆ ప్రతిపాదన మీద ఏకాభిప్రాయం లేదు.

యజమాని కనబడని ధనం విషయంలో ధర్మశాస్త్రం తొందరపడలేదు. అటువంటి ధనాన్ని రాజు చాటింపు వేయించి మూడేళ్లు భద్రపరచాలని మనువు మాట, దానిపై కుల్లూకభట్టు వ్యాఖ్య. కళ్లముందే పరులు పదేళ్లు అనుభవిస్తున్నా నోరు మెదపనివాడు చరాస్తిపై హక్కు కోల్పోతాడని యాజ్ఞవల్క్యుడు. విజ్ఞానేశ్వరుడు మితాక్షరలో వ్యాఖ్యానించిన ఆ స్మృతి 13వ శతాబ్దంలోనే కేతన విజ్ఞానేశ్వరీయం ద్వారా తెలుగులోకి వచ్చింది. ఈ నియమంలో హక్కును తీసేసేది కేవల మౌనం కాదు, ఎదుట పరుల అనుభవం జరుగుతుండగా వహించిన మౌనం. సతోషి నాణేలను ఎవరూ అనుభవించడం లేదు, కనుక ఆ మౌనం హక్కును పోగొట్టేది కాదు. నేటి భారతీయ వ్యవస్థలోనూ పదేళ్లు కదలని బ్యాంకు డిపాజిట్లు 2014 నుంచి రిజర్వు బ్యాంకు నిర్వహించే నిధికి వెళుతున్నా, ఖాతాదారు గానీ వారసులు గానీ ఎప్పుడు వచ్చి అడిగినా తిరిగి ఇస్తారు.

లాప్ తదితరుల ప్రతిపాదనలోని గడువు మనువు చెప్పిన చాటింపును పోలి ఉంది, దొంగ చేతికి పోనివ్వకూడదన్న ఉద్దేశమూ ధర్మబద్ధమైనదే. తేడా ఒక్కటే, అది చిన్నది కాదు: రాజు దాచిన సొమ్మును తిరిగి ఇవ్వగలడు, రాజు లేని బిట్‌కాయిన్‌లో ఒకసారి బిగించిన నాణేన్ని విప్పేవారు ఉండరు. ఈ ఇబ్బంది గ్రహించే, గడువు తరువాత కూడా తమ పన్నెండు లేదా ఇరవైనాలుగు పదాల మూలరహస్యం తెలుసునని గణితంతో రుజువు చేసినవారికి నాణేలు తిరిగి అందే మార్గం ఒకటి ఆ ప్రతిపాదనలో సూచించారు. కానీ పదాల వరుస నుంచి తాళాలు తయారుచేసే పద్ధతి 2013లో రూపొందింది. 2009, 2010 నాటి తాళాలు అలా పుట్టినవి కావు, వాటికి ఆ పదాలే లేవు. అందువల్ల ఆ మార్గం తరువాత వచ్చిన లక్షలాది మందికి తెరుచుకుంటుంది గానీ సతోషికీ, తొలినాళ్లలో తోడుగా యంత్రాలు నడిపిన కొద్దిమందికీ, వారిలో మరణించినవారి వారసులకూ తెరుచుకోదు. ఆ నాణేలను బిగించాలని నిర్ణయించేవారు సతోషి ఎలాగూ వదిలేశారన్న మాటను ఆధారంగా చూపలేరు, ఎందుకంటే వదిలేసిన దాఖలా లేదు. ఇతరుల రక్షణ కోసం ఒకరి హక్కును హరిస్తున్నామని ఒప్పుకుని, అది ఎందుకు తప్పదో వాదించవలసి ఉంటుంది.